పదకొండు టిక్కులు

కొత్తగా ల్యాబుల్లో ఉద్యోగాలకు చేరిన మన పిల్లలు ఎక్కడైనా కలిస్తే, మీ సర్వీసులో మీరు చేసిన పెద్ద పని ఏది ఆంటీ అని అడుగుతుంటారు. నేను చేసిన పనుల్లో అంత చెప్పుకోదగ్గది లేదు గానీ, చేయకుండా వదిలేసిన పని ఒకటుంది. దాన్ని చేసినట్టు కాగితం మీద రాశాను కూడా. ఆ రెంటి మధ్యా ఒక అమ్మాయి చదువు, ఒక ప్రొఫెసర్ పరువు, రాయి మీద పెరిగే ఒక చిన్న ప్రాణి రహస్యం ఇరుక్కుపోయాయి. ఇప్పటికీ తలుచుకుంటే ముందు సిగ్గేస్తుంది. ఆ వెంటనే ఒంట్లో ఎక్కడలేని హుషారు పుడుతుంది. ఈ రెండూ ఒకే సంగతికి కలిసి రావడం నాకు మళ్లీ జరగలేదు.

మాది అనంతపురం. అక్కడ జూనియర్ కాలేజీలో బోటనీ డెమాన్‌స్ట్రేటర్‌గా పదిహేనేళ్లు చేశాను. తొంభైల చివర మా ఆయన కంప్యూటర్ ఉద్యోగం మీద మాంచెస్టర్ వస్తే వెంట వచ్చాను. ఏడాదిపాటు ఫ్లాట్‌లో కిటికీ పక్కన కూర్చుని వాన చూశాక, ఇక లాభం లేదని యూనివర్సిటీ ల్యాబులో టెక్నీషియన్ పోస్టుకు అప్లై చేశాను. సీసాలు కడగడం, బూజులు పెరిగే అగర్ జెల్లీ కాయడం, మొక్కలకు నీళ్లు పెట్టడం, విద్యార్థులు పగలగొట్టినవి ఊడవడం. అప్పటికి నాకు నలభై నాలుగేళ్లు. ఇంటర్వ్యూ చేసిన హెడ్ టెక్నీషియన్ పక్కనే ఉన్న ఓల్డ్‌హామ్ మనిషి. పొడుగ్గా, ఎర్రగా ఉండేవాడు, తక్కువ మాట్లాడేవాడు. బోటనీ గురించి ఒక్క ప్రశ్నా వేయలేదు. రోజూ ఒకే పనిని ఒకే వేళకు చేయగలరా అని మాత్రం అడిగాడు. మా అత్తగారింట్లో పొద్దున కాఫీ వేళ సంగతి ఆయనకు తెలియదు కాబట్టి, చేయగలనని క్లుప్తంగా చెప్పాను.

ఆయనకు రోటా షీటే సర్వస్వం. ప్రతి గది తలుపుకూ ఒక షీటు, దారంతో కట్టిన పెన్ను. పని చేయగానే ఆ రోజు గడిలో టిక్కు పెట్టి పక్కన పొడి అక్షరాలు రాయాలి. నేను చేరిన మొదటి ఆరు నెలలూ నా వెనకే వచ్చి, నేను నీళ్లు పెట్టిన కుండీల్లో వేలు పెట్టి చూసేవాడు. తర్వాత చూడడం మానేశాడు. రెండో ఏట, కొత్తగా చేరిన ఒకతనికి నా షీటు చూపించి, ఇందులో ఒక్క ఖాళీ గడి కూడా లేదు చూడు, అన్నాడు. ఆ మాటను ఆ రోజు ఇంట్లో మా ఆయనకు రెండుసార్లు చెప్పాను.

ఇక అసలు కథలోకి వస్తాను. మన మసాలా డబ్బాలో ఉండే రాతిపువ్వు చూశారు కదా, అది లైకెన్. ఒక మొక్క కాదు, రెండు ప్రాణుల కాపురం. బూజు జాతిది ఒకటి గోడలు, పైకప్పు కడుతుంది. పాచి జాతిది ఒకటి లోపల కూర్చుని ఎండతో వంట చేస్తుంది. మా ల్యాబుకు వచ్చినది రాతిపువ్వుకు దూరపు చుట్టం. మంచు కొండల మీద, గాలికి మనిషి నిలవలేని చోట, ఒట్టి బండను అంటిపెట్టుకుని నారింజ రంగులో బతుకుతుంది. ఆ రంగు ఎండ దెబ్బ నుంచి కాచుకునే గొడుగు. ఏడాదికి గోటి అంచు మందమైనా పెరగదు. నీళ్లుంటే మేల్కొంటుంది, లేకపోతే ఎండి పెళుసై నెలల తరబడి పడుంటుంది. గడ్డకట్టినా చావదు. ఇంత గట్టి ప్రాణిని ల్యాబులో మనం దగ్గరుండి పెంచుదామంటే మాత్రం చచ్చినా పెరగదు.

పెంచడమంటే మామూలు తతంగం కాదు. ఆ లైకెన్ మీద చిన్న గిన్నెల్లాంటి బిళ్లలుంటాయి. వాటిని కడిగి, గాజు పళ్లెం మూతకు లోపలివైపు పెట్రోలియం జెల్లీతో అంటిస్తే, అవి కింద ఉన్న అగర్ మీదికి కంటికి కనపడని సిద్ధబీజాలను చిమ్ముతాయి. అవి మొలిచి మినపగింజంత ముద్ద కావడానికి నెలలు పడుతుంది. పాచిని వేరే సీసాలో విడిగా పెంచాలి. తర్వాత ఆ రెంటినీ కలిపి చిన్న రాతి ముక్కల మీద పూసి, మళ్లీ కలిసి కాపురం చేస్తాయేమోనని ఎదురుచూడాలి. చేయవు. బూజు తన దారిన తెల్లగా ఉబ్బుతుంది, పాచి తన దారిన జిగురులా పొంగుతుంది. సుఖంగా ఉన్నంతకాలం ఒకదాని ముఖం ఒకటి చూడదు.

ఈ పని మీద పీహెచ్‌డీకి వచ్చింది వరంగల్ అమ్మాయి. స్కాలర్‌షిప్ మీద మూడున్నరేళ్ల గడువుతో వచ్చింది. సన్నగా, చురుగ్గా ఉండేది. కారిడార్లో నడిచేది కాదు, పరిగెత్తేది. మొదటి రోజే నన్ను చూసి తెలుగువాళ్లా అని అడిగి, అవునన్నాక ఆంటీ అని మొదలుపెట్టింది. ఆంటీ అనిపించుకోవడం నాకప్పటికి ఇంకా అలవాటు కాలేదు. వారం తిరిగేసరికి ఇద్దరం ఒకే టిఫిన్ డబ్బాలో తింటున్నాం. ఆమె గైడ్ రిటైర్మెంట్‌కు దగ్గరపడిన ప్రొఫెసర్. లైకెన్ల మీద ముప్పై ఏళ్లు పనిచేసినా వాటిని ల్యాబులో కలపలేకపోయానన్న బెంగ ఆయనది. వాటిని మధ్య మధ్య ఎండబెట్టాలని పుస్తకాలన్నీ చెబుతాయి. ఆయన మాత్రం ఎండబెట్టక్కర్లేదు, గాలిలో తేమ సరిగ్గా ఉంటే చాలని వాదించేవాడు. రుజువు మాత్రం లేదు.

ఆ అమ్మాయి వచ్చిన రెండో చలికాలం, అంటే రెండువేల నాలుగు క్రిస్మస్‌కు, ఇరవైనాలుగు రాతి ముక్కలు పై అంతస్తులోని చిన్న గదిలో ఉన్నాయి. వాటికి రోజుకోసారి సన్నటి తుంపర కొట్టాలి. క్రిస్మస్‌కు బిల్డింగు పదకొండు రోజులు మూస్తారు. ఆ అమ్మాయి అక్క పెళ్లికి ఇండియా వెళ్లింది. మిగతా వాళ్లందరికీ పండగ. నాకు పండగ లేదు కాబట్టి రోటా నాకే వచ్చింది. నేనే అడిగి తీసుకున్నాను కూడా. హెడ్ టెక్నీషియన్ తన ఇంటి నంబరు చీటీ మీద రాసిచ్చి, ఏదైనా అడ్డం వస్తే ఫోన్ చెయ్యమన్నాడు.

సెలవుల మొదటి రోజు పొద్దున కోటు వేసుకుంటుంటే, కారులో నాలుగు గంటల దూరంలో ఉన్న బేసింగ్‌స్టోక్ నుంచి మా మరిది ఫోన్. నా తోటికోడలికి ఏడో నెల. రాత్రి ఉన్నట్టుండి నొప్పులొచ్చి ఆస్పత్రిలో చేర్చారు. ఇంట్లో మూడేళ్ల పిల్లను చూసేవాళ్లు లేరు. మేం ఉన్న బట్టలతో కారెక్కాం. సాయంత్రానికి బిడ్డ పుట్టింది, అరచేతిలో పట్టేంత. గాజు పెట్టెలో పెట్టారు. ఇక నేను కదిలేదెలా? పెద్దపిల్లకు అన్నం కలిపి పెట్టడం, ఆస్పత్రికి చారు తీసుకుపోవడం, మరిదికి ధైర్యం చెప్పడం, వీటితోనే రోజులు గడిచాయి. మూడో రోజు రాళ్లు గుర్తొచ్చాయి. ఫోను చేతిలోకి తీసుకున్నాను. చీటీ మీద నంబరు నొక్కి, చివరి అంకె దగ్గర ఆగాను. ఎవరినో ఒకరిని పండగ పూట ఇంట్లోంచి లేపి, నేను పని వదిలేసి వచ్చానని ఇంగ్లీషులో చెప్పుకోవాలి. రేపు వెళ్లిపోతాం కదా అనుకున్నాను. ఐదో రోజు కూడా అదే అనుకున్నాను. ఆ తర్వాత ఫోన్ చేసినా, ఇన్నాళ్లూ ఎందుకు చేయలేదని అడుగుతారు కాబట్టి చేయలేదు.

బిడ్డ గట్టెక్కింది. మేం తిరిగొచ్చిన మర్నాడే బిల్డింగు తెరిచారు. అందరికంటే ముందు నేను వెళ్లాను. పై గది ఐసుపెట్టెలా ఉంది. సెలవులకు హీటర్లు ఆపేశారు, టైమర్ మీద ట్యూబులైట్లు మాత్రం వెలుగుతున్నాయి. రాళ్ల మీద పూత, ఆరిన గంజిలా బీటలు వారింది. కోటు విప్పకుండానే తుంపర కొట్టాను. పది నిమిషాల్లో బీటలు మూసుకున్నాయి. పూత మెత్తబడి, లోపలి నుంచి పచ్చదనం తేలింది. చావలేదు, మామూలుగానే ఉంది. అదే నా కొంప ముంచింది. ఏ నష్టమూ జరగనప్పుడు ఏముందిలే అనిపించింది. దారంతో వేలాడుతున్న పెన్ను తీసుకుని, పదకొండు గడుల్లో పదకొండు టిక్కులు పెట్టాను. సిరా ఒకేలా కనపడకూడదని మధ్యలో పెన్ను మార్చాను కూడా. మంచిదాన్ననుకునే మనిషి ఎంత జాగ్రత్తగా అబద్ధమాడుతుందో ఆ రోజు తెలిసింది.

మార్చి నెలలో ఒక ఉదయం నేను కింద గాజు సామాను కడుగుతుంటే మెట్ల మీద ధన్‌ధన్‌మని అడుగుల చప్పుడు. ఆ అమ్మాయి తడి చేతులతోనే నన్ను పట్టి లాగింది.

"ఆంటీ, జల్ది రాండ్రి. ఏం అడగకుండ్రి, రాండ్రి అంతే."

మైక్రోస్కోపు కింద ఒక రాతి ముక్క. నేను కన్ను ఆనించాను. బూడిదరంగు బండ మీద ఆవగింజలో పావు వంతు లేని ఒక పొలుసు. అంచులు చిన్న చిన్న వేళ్లలా విడివడి ఉన్నాయి. అంచున నారింజ రంగు. లేత నారింజ, అప్పుడే పుట్టిన రంగు. లోపల పచ్చటి చుక్కలను బూజు దారాలు పిడికిలి పట్టినట్టు చుట్టుకుని ఉన్నాయి. పదిహేనేళ్లు నేను బోర్డు మీద సుద్దముక్కతో గీసిన బొమ్మ అది. బొమ్మగా తప్ప ఎన్నడూ చూడనిది. ఇరవైనాలుగు రాళ్లలో ఐదింటి మీద అలాంటి పొలుసులున్నాయి. ఆ అమ్మాయి స్టూలు మీద కూర్చుని నవ్వుతూ ఏడ్చింది. ప్రొఫెసర్‌ను పిలిస్తే ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, చూసి, మళ్లీ తుడుచుకుని చూశాడు. ఆ అమ్మాయి మన మిఠాయి కొట్లుండే రషోమ్ పేటకు బస్సులో వెళ్లి వేడివేడి జిలేబీ తెచ్చింది. ల్యాబులో తినకూడదన్న నియమం వల్ల అందరం కారిడార్లో నిలబడి తిన్నాం.

ఆ సంతోషంలో కూడా నాకు సంగతి వెలగలేదంటే నమ్మండి. మొత్తం ఏడాది పోషణకు ఫలితం దక్కిందనుకున్నాను. ప్రొఫెసర్‌కు మాత్రం వేరేది వెలిగింది. ఆయన నా షీటు తెప్పించుకున్నాడు. ఒక్క రోజు కూడా ఎండలేదు, అయినా కలిశాయి, తను ముప్పై ఏళ్లుగా చెబుతున్నదే నిజం. ఇక ప్రయోగాన్ని మళ్లీ చేసి చూపించి, పేపరు రాస్తే చాలన్నాడు.

మళ్లీ చేశారు. సరిగ్గా షీటులో ఉన్నట్టే, పై గదిలో, రోజూ తుంపర. బూజు ఉబ్బింది, పాచి పొంగింది, అంతే. మూడోసారి చేశారు. మరుసటి చలికాలం సెలవులకు ఆ అమ్మాయి ఊరికి కూడా పోకుండా, నాకు కూడా వదలకుండా, హీటరు పెట్టుకుని తనే రోజూ తుంపర కొట్టింది. ఏమీ రాలేదు. ఆమె పరుగు నడకైంది. భోజనం డబ్బా మూత తీయకుండానే మూసేసేది. నేను ఒక్కో రాత్రి నిద్రలో లేచి కూర్చునేదాన్ని. అప్పటికి నాకు అర్థమైంది. ఎండడం, చలి, ఆరని దీపం. ఆ మూడూ నా పదకొండు టిక్కుల కింద దాగి ఉన్నాయి.

ఒక తెలివైన ఉపాయం చేశాననుకున్నాను. ఏమీ ఎరగనట్టు, ఒక పది దినాలు బాగా ఎండబెట్టి చూస్తే ఎట్లుంటుంది పాపా అని అడిగాను.

"అది అవసరం లేదని మనమే చూపించినం గదా ఆంటీ," అంది ఆ అమ్మాయి, ఓపిగ్గా. "పుస్తకాలు ఏమన్న చెప్పని. మీ షీటు ఉంది గదా."

అక్కడితో నోరు మూసుకున్నాను. మూసుకున్నది రెండు నెలలు.

మళ్లీ మార్చి వచ్చేసరికి ప్రొఫెసర్ ఆగలేక, ఉన్న ఐదు రాళ్లతోనే పేపరు రాసేద్దామన్నాడు. ఆ అమ్మాయి డ్రాఫ్టు ఒక కాపీ నాకిచ్చింది, చదివి తప్పులుంటే చెప్పమని. సాయంత్రం ట్రామ్‌లో తీసి చూశాను. నాలుగో పేజీలో నా రోటా షీటు ఫొటో. పదకొండు టిక్కులూ, నా పొడి అక్షరాలూ. కింద, ఈ షీటును బట్టి ఎండబెట్టడం అనవసరమని తేలుతోంది అని ఒక వాక్యం. పేపరు చివర, అసాధారణ శ్రద్ధ చూపినందుకు నాకు కృతజ్ఞతలు.

స్టేషన్లో కారుతో నిలబడ్డ మా ఆయనకు, కారు ఎక్కగానే మొత్తం చెప్పాను. ఆయన ఇంజను ఆపేసి విన్నాడు. ఆయనకు ఆవేశం రాదు. ప్రోగ్రాములో తప్పు వెతికినట్టు కాసేపు అద్దంలోంచి బయటికి చూశాడు.

"చెప్తే నీ ఉద్యోగానికి దెబ్బ. చెప్పకపోతే ఆ పాప చదువుకు దెబ్బ. నాకైతే ఇంకో దారి కనపడ్లేదు," అన్నాడు. ఇంజను మళ్లీ స్టార్ట్ చేస్తూ, "బిడ్డ పుట్టిన దినం నీకు ఫోన్ చెయ్యమని గుర్తు చేసింటే బాగుండు. నాకూ తోచలేదు," అన్నాడు.

మర్నాడు పొద్దున ఆ అమ్మాయి పై గదిలో ఒక్కతే ఉంది. తలుపు మూసి చెప్పాను.

"ఆ షీటు అబద్ధం పాపా."

"ఏ షీటు ఆంటీ?"

"క్రిస్మస్ షీటు. ఆ పదకొండు దినాలూ నేను రాలేదు. బేసింగ్‌స్టోక్‌లో ఉంటి. వచ్చినాక అన్నిటికీ ఒకేసారి టిక్కులు పెట్టినా."

ఆ అమ్మాయి పెన్ను మూత తీసింది, పెట్టింది, తీసింది. "సంవత్సరం ఆంటీ," అంది చివరికి, చాలా మెల్లగా. "నా దగ్గర ఉన్నదే మూడున్నర సంవత్సరాలు." లేచి బయటికి వెళ్లిపోయింది. నేను ఆ స్టూలు మీదే కూర్చుండిపోయాను. తిట్టి ఉంటే బాగుండేది.

అరగంటకు తలుపు తెరుచుకుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, చేతిలో కొత్త నోటుబుక్కు ఉంది. కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది.

"కోపం తర్వాత చూస్కుందాం. ముందు ఇది చెప్పుండ్రి. హీటర్లు బందు ఉండెనా?"

ఉన్నాయని చెప్పాను.

"లైట్లు?"

వెలుగుతున్నాయన్నాను.

"మీరు వచ్చినప్పుడు రాళ్లు ఎట్లున్నయి? పొడిగనా, అడుగున తడి ఉండెనా? ఫస్టు తుంపర ఎన్ని గంటలకు కొట్టిన్రు?"

అడిగేకొద్దీ ఆమె గొంతులో వేగం పెరిగింది. రాసేకొద్దీ అక్షరాలు పెద్దవయ్యాయి. ఆరిన గంజిలా బీటలు వారిందని నేను చెప్పగానే పెన్ను ఆపి నా ముఖంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదని చెప్పను. కానీ కోపం కంటే పెద్దది ఏదో దాన్ని పక్కకు తోసి ముందుకొచ్చింది. నాకూ అంతే. సిగ్గుతో చచ్చిపోవాల్సిన మనిషిని, ఆమెతో పాటు ముందుకు వంగి, ఒక్కొక్క వివరం గుర్తుచేసుకుంటూ ఉప్పొంగిపోతున్నాను. అంతా అయ్యాక లేచి నిలబడి, "చలి ఎంత ఉండెనో తెల్వాలె ఆంటీ. అది ఒక్కటి తెలిస్తే చాలు," అంది.

అది చెప్పగలిగింది హెడ్ టెక్నీషియన్ ఒక్కడే. కాబట్టి ఆయన దగ్గర నా నేరం ఒప్పుకోవడం, ప్రయోగానికి కావలసిన అంకె అడగడం ఒకేసారి జరిగాయి. ఆయన టీ కప్పు కింద పెట్టి మొత్తం విన్నాడు. సొరుగులోంచి తన డైరీ తీశాడు. ఆ జనవరి మొదటి పేజీ తిప్పి చూపించాడు: పై గది నాలుగు డిగ్రీలు, హీటింగు వాళ్లకు చెప్పాను. ఆ అమ్మాయి అంకె రాసుకుని పరుగెత్తింది. పరుగే, నడక కాదు. గదిలో ఇద్దరం మిగిలాం.

"గడి ఖాళీగా ఉంటే నేను ఒక ప్రశ్న అడిగేవాణ్ని, అంతే," అన్నాడాయన. "మీరు నన్ను అడగనివ్వలేదు."

ఆ రోజే ఆ సంగతి పైకి రాసి పంపాడు. నాకు రాతపూర్వక హెచ్చరిక వచ్చింది. ఆర్నెల్లపాటు నా ప్రతి టిక్కు పక్కనా ఇంకొకరి సంతకం ఉండాలన్నారు. నాకంటే పాతికేళ్లు చిన్నవాళ్లు వచ్చి నా కుండీల్లో వేలు పెట్టి చూసేవారు. అది న్యాయమే. ప్రొఫెసర్‌కు మాత్రం ఎలా చెప్పాలో తెలియక, ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన పేపరు కట్ట తీసి, నాలుగో పేజీ చూసి, మడిచి చెత్తబుట్టలో వేశాడు. అయితే పుస్తకాల్లో ఉన్నదే నిజమన్నమాట, అన్నాడు. రెండు వారాలు నాకు గుడ్ మార్నింగ్ చెప్పలేదు. మూడో వారం తనే వచ్చి, కొత్త ప్రయోగానికి రాళ్లు ఎప్పుడు సిద్ధమవుతాయని అడిగాడు.

ఈసారి రాళ్లను నాలుగు జట్లు చేశాం, జట్టుకు ఆరు. ఒకటి వెచ్చగా తడిగా, ఒకటి చల్లగా తడిగా, ఒకటి వెచ్చగా పదకొండు రోజులు ఎండి, ఒకటి చల్లగా పదకొండు రోజులు ఎండి. ఆ చివరి జట్టును శీతల గదిలో నాలుగు డిగ్రీల దగ్గర ట్యూబులైటు కింద పెట్టాం. పదకొండు రోజులు చేతులు కట్టుకుని చూడడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. రోజూ లోపలికి వెళ్లడం, బీటలు చూడడం, నీళ్లు పోయకుండా బయటికి రావడం, పోయలేదని రాసి ఇద్దరం సంతకం పెట్టడం. ఆ అమ్మాయి స్కాలర్‌షిప్ గడువు ఇంకా ఏడు నెలలుంది. ఇది పోతే మళ్లీ బీజాల నుంచి మొదలుపెట్టే వ్యవధి లేదు. పన్నెండో రోజు తుంపర కొట్టాం. ఆ తర్వాత వారాలు గడిచాయి. ఆమె క్యాలెండరు వైపు చూడడం మానేసింది. నేను మాత్రం దొంగచాటుగా చూసేదాన్ని.

పదకొండో వారంలో ఒక మధ్యాహ్నం వాన కురుస్తుండగా చూడడం మొదలుపెట్టాం. ఆ అమ్మాయి మైక్రోస్కోపు దగ్గర, నేను రాళ్లు అందిస్తూ, హెడ్ టెక్నీషియన్ తలుపు దగ్గర. వెచ్చటి తడి జట్టు: సున్న. చల్లటి తడి జట్టు: సున్న. వెచ్చగా ఎండిన జట్టులో ఒక రాయి మీద రంగు లేని గడ్డలాంటిది ఏదో ఉంది, దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. చల్లగా ఎండిన మొదటి రాయి పెట్టాను. ఆమె కన్ను ఆనించి చాలాసేపు కదలలేదు. రెండో రాయి కోసం చెయ్యి చాపింది. మూడోది. నాలుగోది. ఆరూ అయ్యాక తల ఎత్తి, నా వైపు కాకుండా, తలుపు దగ్గరున్న ఆయన వైపు చూసి ఇంగ్లీషులో, ఆరింటిలో నాలుగు, అంది. తర్వాత నా వైపు తిరిగింది.

"నాలుగు ఆంటీ. మస్తుగ అంటుకున్నయి. మీరు చూడుండ్రి."

చూశాను. ఈసారి పొలుసులు ఒంటరిగా లేవు. గుంపులు గుంపులుగా, అంచులన్నీ నారింజ, బండ మీద ఎవరో నిప్పురవ్వలు చల్లినట్టున్నాయి. నాకు కళ్లనీళ్లు వచ్చి ఏమీ కనపడకపోతే పక్కకు తప్పుకున్నాను. హెడ్ టెక్నీషియన్ వచ్చి వంగి చూశాడు. కిందికి వెళ్లి మా ఇద్దరికీ టీ తెచ్చాడు. ఏడేళ్లలో ఆయన నాకు టీ తెచ్చింది అదొక్కసారే.

ఆ అమ్మాయి థీసిస్ గడువుకు ముందే అయింది. అందులో తొలి ఐదు రాళ్ల గురించి ఒక వాక్యం ఉంది: ఈ పదకొండు రోజుల రికార్డు నమ్మదగినది కాదు, ఆ కాలంలో వీటిని ఎవరూ చూడలేదు. నా పేరు రాయలేదు. వైవాలో పరీక్షకులు ఎక్కువసేపు అడిగింది ఆ వాక్యం గురించేనట. ఆమె దాచకుండా చెప్పిందట. ఆ కోపం తర్వాత చూసుకుందామన్న మాట ఏమైందని ఒకసారి అడిగాను. ఇంకా ఉంది ఆంటీ, టైం దొరకలే, అంది. నవ్వుతూనే అంది గానీ, అందులో కొంత నిజముందని నాకు తెలుసు.

ఇండియా వెళ్లిపోయే ముందు ఆమెకొక కోరిక కలిగింది. మీరు ఇన్నేళ్లు పెంచిన దాన్ని పెరిగే చోట ఎన్నడన్నా చూసిన్రా అని అడిగింది. టెక్నీషియన్లను ఎవరు తీసుకెళతారు? నాకు తెలిసిన లైకెన్ అంతా కాగితం పొట్లాల్లో వచ్చిందే. మా ఆయన కారు తీశాడు. పులిహోర, ఫ్లాస్కు పెట్టుకుని ముగ్గురం స్కాట్లండ్ ఉత్తరాన ఒక సున్నపురాయి గుట్టకు వెళ్లాం. మే నెలలో కూడా గాలి చెంపలు కోసింది. సన్నటి వాన అడ్డంగా కొట్టింది. మా ఆయన సగం దారిలో ఒక బండ వెనక కూర్చుని, నేను పులిహోరకు కాపలా ఉంటానన్నాడు. నాకు యాభై దాటాయి, మోకాళ్లు నా మాట వినవు. అయినా ఆ అమ్మాయి వెనక చేతులతో పాకుతూ ఎక్కాను.

మలుపు తిరగగానే కనిపించింది. నిలువెత్తు బండ, దాని నిండా నారింజ. అరచేయంత, పళ్లెమంత వలయాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ. పైన పక్షులు వాలే అంచు దగ్గర రంగు మరీ ముదిరి కుంకుమలా ఉంది. వానకు తడిసి మెరుస్తోంది. మైక్రోస్కోపు కింద ఆవగింజలో పావు వంతుకు నేను ఏడ్చాను కదా, ఇక్కడ బండంతా అదే, ఎవరూ తుంపర కొట్టకుండా, ఎవరూ రాసుకోకుండా. నేను బురదలో మోకాళ్ల మీద కూర్చుని భూతద్దం పెట్టాను. అవే వేళ్లు, అవే అంచులు. చల్లటి బండకు చెంప ఆనించాను.

ఆ అమ్మాయి స్కేలు పెట్టి ఒక వలయాన్ని కొలిచింది. ఇది మీకన్న, నాకన్న, మీ అమ్మమ్మ కన్న పెద్దది ఆంటీ, అంది. తర్వాత రెయిన్‌కోటు లోపలి నుంచి తన ఫీల్డు నోటుబుక్కు తీసి, పెన్నుతో సహా నా చేతికిచ్చింది.

"నేను కొలుస్త, మీరు రాయుండ్రి."

నేను రాశాను. చోటు, వేళ, చలి, వాన. మొదటి వలయం కొలత రెండోసారి అడిగి రాశాను. మూడో వలయం దగ్గర గాలికి స్కేలు కదిలింది. కొలత సరిగ్గా కుదరలేదని ఆమె చెప్పకముందే ఆ గడి ఖాళీగా వదిలి, ఎందుకు వదిలానో పక్కన రాశాను. ఆమె నా భుజం మీదుగా వంగి చూసి, నాలుగో వలయం మీద స్కేలు పెట్టింది.